పెద్దమనిషికో లాంచ్

ఆ రోజు, తమ దగ్గర కారు కొన్న ప్రతాప్ పటేల్ మనసు నొచ్చుకోకుండా చూసుకుని వస్తే వీరేందర్ ఉద్యోగం పర్మినెంటు అవుతుంది. కార్ల షోరూం మేనేజర్ సుధాకర్ పొద్దున్నే ఫోన్ చేసి మరీ ఈ మాట చెప్పాడు. సూరారంలో ఫ్యాక్టరీ కూలీల గల్లీలో ఇంజినీరింగ్ చదివిన మొదటివాడు వీరేందర్. ఈ నెలతో కొడుకుది పక్కా నౌకరీ అని వాళ్ల బాపు ఇప్పటికే గల్లీ అంతా చెప్పుకున్నాడు.

"వాళ్లు ఏది అడిగినా కాదనకు," అన్నాడు సుధాకర్.

"బండి కాదంటే ఏం జెయ్యాలె సార్?"

"గంత పిరమైన బండి ఎందుకు కాదంటది?"

అలియాబాద్ దాటాక కరీంనగర్ రోడ్డు పక్కన ప్రతాప్ కొత్త వెంచర్ వేశాడు. అది రెండువేల ఎనిమిది. శామీర్‌పేట చుట్టుపక్కల చేలన్నీ ప్లాట్లవుతున్న కాలం. వెంచర్లో ఇంకా ఒక్క ఇల్లు లేదు. హద్దురాళ్లు, రంగు జెండాలు, నడుమ నున్నగా సాగిన తారురోడ్డు. ఆ రోడ్డు మీద తెల్లటి విదేశీ కారు. వెంచర్ ప్రారంభానికి వచ్చిన పెద్దలకు ప్రతాప్ చూపించాలనుకున్నది ప్లాట్లను కాదు, ఆ కారులోని లాంచ్ కంట్రోల్‌ను.

అదేమిటో కారు అప్పజెప్పిన రోజు వీరేందరే ఓపిగ్గా వివరించాడు. ఎడమకాలితో బ్రేకు, కుడికాలితో ఆక్సిలరేటర్, రెండూ అడుగంటా తొక్కిపట్టాలి. ఇంజిన్ గర్జిస్తుంది కానీ కారు కదలదు. బ్రేకు వదలగానే కంప్యూటర్ క్లచ్‌ను కొద్దికొద్దిగా జారనిస్తూ, చక్రాలు ఉత్తగా తిరగకుండా కారును ముందుకు విసురుతుంది. కట్టేసిన ఎద్దును ముల్లుకర్రతో పొడిచి పొడిచి ఒక్కసారిగా పలుపు కోసినట్టు. ఆ జారడంలో క్లచ్ పలకలు కాగుతాయి. ఆ ఊపుకు గేర్‌బాక్సు, ఇరుసులు, ఇంజిన్‌ను పట్టి ఉంచే రబ్బర్లు అన్నీ గుంజుకుపోతాయి. అందుకే ఎప్పుడో ఒకసారి చెయ్యాలి, చేశాక బండిని మెల్లగా తిప్పి చల్లారనివ్వాలి. మొదటి సగం ప్రతాప్ శ్రద్ధగా విన్నాడు. రెండో సగం నడుస్తుండగా ఆయనకు ఫోనొచ్చింది.

కొత్త బండి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించడం ఎక్కడైనా ఉన్నదే. ప్రతాప్ దాన్ని మర్యాదగా మార్చాడు. ఒక్కో పెద్దమనిషికి శాలువా కప్పడం, పక్క సీట్లో కూర్చోబెట్టడం, చక్రాల కింద కొత్త నిమ్మకాయలు, ఒక లాంచ్. నిండుగా ఉన్న నిమ్మకాయల బుట్ట చూసి వీరేందర్ ప్రతాప్ దగ్గరికి నడిచాడు.

"పటేలా, నడుమ నడుమ బండి సల్లవడాలె," అన్నాడు.

"పెద్దమనిషి నిలవడితే, ఇంజిన్ సల్లవడాలె జర ఆగుమని చెప్పుమంటవా? ఎవ్వల్ని ఇడిచిపెట్టినా మాట మిగులుతది తమ్మీ."

అందరికన్నా ముందు పిలవాల్సింది జనార్ధన్ పటేల్‌ను. అలియాబాద్ పాత సర్పంచ్, ప్రతాప్ వరుసకు కాకా అని పిలిచే మనిషి. ఆయన చెయ్యి అడ్డం పెట్టి, "ముందుగాల గాళ్లను ఎక్కనీ," అన్నాడు. పెద్దరికం అంటే అదే. మరి వాళ్లూ పెద్దలే కాబట్టి ఎవరూ వద్దనలేదు.

కారు దూకింది, వెనక్కి వచ్చింది, మళ్లీ దూకింది. నిమ్మగుజ్జు తలుపుల మీద చిమ్మి ఎండలో నల్లబడింది. ఒకాయన అద్దం దించి పాన్ ఉమ్మితే అది గాలికి వెనక తలుపు పొడుగునా పాకింది. గౌరయ్య అనే ప్లాట్ల దళారి ఆ ఊపుకు తాగిన మజ్జిగంతా తోలు సీటు మీదే కక్కుకున్నాడు. అప్పుడే కప్పిన శాలువాతోనే దాన్ని తుడిచి పక్కన పారేశారు. తర్వాతి పెద్దమనిషి ఆ తడి మీదే కూర్చుని, "ఊఁ, పోనీ," అన్నాడు.

కాలిన క్లచ్ వాసన మొదలైంది. మాడిన వెంట్రుకల్లాంటి ఆ వాసన గొంతులో అంటుకుంటుంది. వీరేందర్ బానెట్ దగ్గరికి వెళ్లాడు. వేడి ముఖానికి కొట్టింది.

"గింత పిరమైన బండికి గింతల్నే ఆయాసమొస్తదా?" అన్నాడు గౌరయ్య, మూతి తుడుచుకుంటూ. "మా ట్రాక్టరు పొద్దంత దున్నుతది."

"ట్రాక్టర్‌ను ఎవ్వలు గిట్ల ఎగిరిస్తలేరు," అన్నాడు వీరేందర్.

చివరికి జనార్ధన్ పటేల్ పంచె సర్దుకుని ఎక్కాడు. ప్రతాప్ రెండు పెడళ్లూ తొక్కాడు. ఇంజిన్ గర్జించలేదు. గేర్‌బాక్సు కాగిపోయిందని స్టీరింగ్ వెనక ఎర్రలైటు వెలిగింది.

జనార్ధన్ పటేల్ ఆ లైటు వైపు చూసి, ప్రతాప్ వైపు చూశాడు. "నా దాక వచ్చేసరికే కాగిందా?"

ప్రతాప్ వీరేందర్‌ను పిలిచి, "నీ సంచిల కంప్యూటర్‌తోని గా లైటు తీసెయ్," అన్నాడు.

"లైటు తీస్త పటేలా, వేడి ఎక్కడికి పోతది? గంటసేపు ఆపుండ్రి. కాకను గప్పుడు కూసవెడుదం."

"గంటసేపు కాకను ఎండల నిలవెడ్తనా?"

"టీవీ లెక్క ఒక్కసారి బంద్ జేసి సాలు జెయ్యి," సలహా ఇచ్చాడు గౌరయ్య.

ప్రతాప్ ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేశాడు. లైటు పోయింది. వీరేందర్ కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళంచెవి అందుకోబోతే, ఎవరో భుజం పట్టి వెనక్కి లాగారు.

ప్రతాప్ మళ్లీ రెండు పెడళ్లూ తొక్కి బ్రేకు వదలగానే కారు ఒక్క బారెడు ఎగిరింది. కింద ఏదో లావుపాటి కట్టె విరిగినట్టు చప్పుడైంది. ఆ వెంటనే పొగ. జనార్ధన్ పటేల్ దగ్గుకుంటూ దిగి, పంచె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "అయింది గద. ఇగ తిందాం పాండ్రి," అన్నాడు. మర్యాద దక్కింది. అందరూ డేరా వైపు నడిచారు. కారు వైపు ఒక్కరూ తిరిగి చూడలేదు, ప్రతాప్ కూడా.

కాసేపటికి వీరేందర్ ఫోన్ మోగింది. సుధాకర్.

"ఫ్యాక్టరీల నుంచే లోపమున్నదని రిపోర్టు రాయి, ఖర్చు కంపెనీ మీద పడుతది. ప్రతాప్ పటేల్ ఫోన్ జేసి గట్లనే అడుగుతుండు. సోమవారం నీ పర్మినెంటు ఆర్డర్ నేనే చేతికిస్త."

"లోపం బండిల లేదు సార్. వరుసవెట్టి తొక్కి కాల్చిండ్రు."

"నాకు తెల్వదా? తెలిసిందంతా రాస్తమా? మీ బాపును యాద్ జేసుకో."

వీరేందర్ బాపును తలుచుకున్నాడు. డేరాలోంచి నవ్వులు వినిపించాయి. కాళ్ల దగ్గర కక్కు అంటిన శాలువా మీద ఈగలు ముసిరాయి. ఇప్పుడు అబద్ధం రాస్తే తన పేరు కూడా ఆ కక్కు తుడిచిన గుడ్డే అవుతుంది అనిపించింది.

"ఏమైందో గదే రాస్త సార్."

"గట్లయితే ఆర్డర్ ఉండదు."

"లేకుంటే లేకపాయె. బాపుకు నేనే చెప్పుకుంట."

నీళ్ల ట్యాంకర్ దగ్గర మన్నుతో చేతులు రుద్ది కడుక్కున్నాడు. వాసన పోలేదు. ల్యాప్‌టాప్ సంచి భుజానికి తగిలించుకుంటుంటే డేరా దగ్గర నుంచి గౌరయ్య కేకేశాడు.

"ఇంజినీరూ, రారాదు, మటన్ ఒడుస్తాంది, మల్ల మిగలదు."

వీరేందర్ వద్దని చెయ్యి ఊపాడు. కరీంనగర్ రోడ్డు మీదికి నడిచి, సికింద్రాబాద్ వైపు వెళ్లే బస్సు కోసం నిలబడ్డాడు.