మొరాయించిన ఫైలు

పియానోల తీగలు బిగించి శ్రుతి సరిచేయడం ఆయన పని. చెవిని నమ్ముకుని బతికినవాడు గనుక అందరూ చెవి మేస్త్రి అనేవారు. సొంత చెల్లెలు కూడా వెనకాల ఆ పేరే వాడేది, ఎదురుపడితే మాత్రం అన్నయ్యా అని వినయంగా పిలిచేది.

పని ముగించాక మేస్త్రి చిన్న రికార్డరు పెట్టి, పియానో మెట్లన్నీ ఎడమ నుంచి కుడికి ఒక్కొక్కటే నొక్కి రికార్డు చేసుకునేవాడు. మరుసటి ఏడాది అదే ఇంటికి వెళ్లే ముందు వింటే, తీగ ఎంత జారిందో తెలిసేది. ఆ ఫైళ్లు ఫ్లాక్ అనే రకం. శబ్దంలో ఏమీ పోకుండా దాచేది ఆ రకమేనని, చిన్నగా కుదించే రకాల్లో తీగ వణుకు చచ్చిపోతుందని ఆయన పట్టుదల.

ఇంటికొచ్చి, చేతులు కడుక్కుని, ఫైలును కంప్యూటర్లో పెట్టి, దాని అడుగున ఉండే గడిలో రెండు వేళ్లతో ఏదో టైపు చేసేవాడు. దాన్ని చీటీ అనేవాడు. సీసాకి అంటించిన చీటీలాగా ఆ మాటలు ఫైలుని అంటిపెట్టుకుని ఉంటాయట.

"ఏం రాస్తున్నారండీ?" అని వంటింట్లోంచి అడిగేది భార్య.

"నీ మీద చాడీలు."

"ఎవరికి?"

"పియానోలకి."

"ఏదీ, చదివి వినిపించండి."

"చాడీలు మొహం మీద చదువుతారా ఎవరైనా? చదువు నేర్చుకుని నువ్వే చదువుకో."

ఆవిడకి అక్షరం ముక్క రాదు. అది ఎత్తిపొడుపని ఆవిడ అనుకోలేదు, ఆయనా అలా అనలేదు. ఏళ్ల తరబడి ఇలాగే నవ్వుకున్నారు. ఒకరోజు ఆయన ఎవరి ఇంట్లోనో పియానో ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయాడు.

నెల తిరక్కుండానే ఆవిడ లైబ్రరీ వెనక గదిలో పెద్దవాళ్ల బడిలో చేరింది. అప్పటికి యాభై తొమ్మిదేళ్లు. "ఈ వయసులో దేనికమ్మా?" అని పంతులమ్మ మర్యాదగా అడిగింది.

"ఒకాయన నా మీద చాడీలు రాసిపెట్టి వెళ్లాడమ్మా. ఏం రాశాడో చూసుకోవాలి."

రెండేళ్లు పట్టింది. అచ్చులు, హల్లులు, గుణింతాలు దాటింది. ఒత్తులు మాత్రం కాళ్లకి అడ్డం పడుతూనే ఉన్నాయి. ఆదివారం ఆదివారం వచ్చే ఆడపడుచు కోర్టులో టైపిస్టు, కంప్యూటరు బాగా తెలిసినది. "నేను చదివి పెడతాను కదా వదినా, ఐదు నిమిషాల పని" అని ఎన్నిసార్లు అన్నా ఆవిడ ఒప్పుకోలేదు.

"మొగుడి రాత ఆడపడుచు చేత చదివించుకోవడానికా నేను బడికెళ్లింది? ఒత్తులు తడబడకుండా వచ్చిన రోజున నేనే చదువుతాను. అప్పటిదాకా ఆ కంప్యూటరు పెట్టె ముట్టుకోకు."

"ముట్టుకోనులే మహాతల్లీ."

చివరికి ఒక ఆదివారం ముహూర్తం కుదిరినట్టు ఆవిడే చెప్పింది, "వచ్చే వారం చదువుతాను. నువ్వు పక్కన కూర్చో చాలు." ఆ సంతోషంలో ఆడపడుచు మర్నాడే జేబులో పట్టే చిన్న ప్లేయరు ఒకటి తెచ్చిచ్చింది, వంటింట్లో పని చేసుకుంటూ అన్నయ్య పియానోలు వినొచ్చని. తీరా చూస్తే అది ఫ్లాక్ ఫైళ్లని పాడనంది. దానికి వేవ్ రకం కావాలట.

ఆడపడుచుని పిలవకుండా సంగతి పంతులమ్మకి చెబితే, ఆమె బడి కంప్యూటరు మీద ఎలా చేయాలో చూపించి, ఒక వెబ్ పేజీ పేరు కాగితం మీద రాసిచ్చింది. దేన్నీ కంప్యూటర్లోకి ఎక్కించుకోనక్కర్లేదు, బ్రౌజరులో ఆ పేజీ తెరిచి ఫైలుని అందులో వేస్తే రకం మార్చి ఇస్తుంది.

గురువారం మధ్యాహ్నం ఆవిడ ఆ పేజీ తెరిచింది. పెద్ద అక్షరాలు వేలు పెట్టి రెండుసార్లు చదివింది. "మీ ఫైలు మీ కంప్యూటరు దాటి వెళ్లదు. శబ్దంలో ఏమీ పోదు." ఎవరి సాయమూ లేకుండా తాను చదివి, అర్థం చేసుకుని, చెప్పినట్టు చేస్తున్న మొదటి పని అది. గుండె నిండిపోయింది. కింద బూడిద రంగులో చీమల బారులా ఇంకేదో ఉంది. కళ్లు లాగాయి. రేపు చూద్దాంలే అనుకుంది.

అరవై రెండు ఫైళ్లు. ఒక్కొక్కటే వేయడం, పచ్చ గీత చివరిదాకా పాకేవరకు చూడడం, కొత్తదాన్ని దాచుకోవడం. వేవ్ ఫైళ్లు లావుపాటివి, ఇరవై పూర్తయ్యేసరికి చోటు లేదని కంప్యూటరు గొణిగింది. శబ్దంలో ఏమీ పోనప్పుడు ఒకే సరుకు రెండేసి ఎందుకు? కొత్తది రాగానే పాతది తీసేస్తూ వచ్చింది. "చెత్తబుట్ట ఖాళీ చేయాలా?" అని అడిగింది తెర. అది కూడా తడుముకోకుండా చదివింది. "అవును" నొక్కింది. ఇంట్లో చెత్త నిలవ ఉంచే అలవాటు ఆవిడకి ఏనాడూ లేదు.

శుక్రవారం సాయంత్రానికి అరవై ఒకటి అయ్యాయి. ఆఖరిది మాత్రం మొరాయించింది. అన్నింటికంటే పొడుగాటిది, రెండు గంటల పైచిలుకు. వేసిన ప్రతిసారీ సగంలో పేజీ తెల్లబోయి నిలిచిపోయేది. నాలుగుసార్లు వేసి, "మొండిఘటం! నీ ఖర్మ, అలాగే పడి ఉండు" అని తిట్టి వదిలేసింది.

ఆదివారం ఆడపడుచు వచ్చేసరికి వదిన ఉతికిన చీర కట్టుకుని, కళ్లద్దాలు తుడిచి, రెండు కుర్చీలు వేసి ఉంచింది. జరిగిందంతా గొప్పగా చెప్పింది.

"అబ్బో! ఇంక నా ఉద్యోగం ఊడినట్టే" అంటూ ఆడపడుచు మొదటి ఫైలు తెరిచింది. చీటీ గడి ఖాళీగా ఉంది. రెండోది తెరిచింది. మూడోది. పదోది.

"వదినా, పాతవి ఎక్కడ పెట్టావు?"

"తీసేశాను. చోటు లేదంటేనూ."

"పోనీ, చెత్తబుట్టలో ఉంటాయిలే."

"అదీ ఖాళీ చేశాను."

"నీ శుభ్రం పాడుగానూ!" అనేసి ఆడపడుచు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏమైందే? శబ్దంలో ఏమీ పోదని రాసి ఉంది. నేనే చదివాను. రెండుసార్లు చదివాను."

"శబ్దం పోలేదు వదినా. రాత పోయింది."

ఆడపడుచు ఆ పేజీ తెరిచి చీమల బారును పెద్దది చేసి చూపించింది. 'ఫైలుతో ఉన్న వివరాలు, వ్యాఖ్యలు కొత్త రకంలోకి రాకపోవచ్చు.' ఆవిడ ఒక్కో అక్షరం కూడబలుక్కుంది. వ్యాఖ్యలు దగ్గర ఆగి, మళ్లీ మొదలుపెట్టి, పూర్తి చేసింది. పోయిన ఫైళ్లు వెనక్కి తెచ్చే మనిషికి ఆడపడుచు ఫోను చేసింది. ఆయన అంతా విని, ఆ చోటు మీదే కొత్తవి వచ్చి కూర్చున్నాయమ్మా, ఇంక దొరకవు అన్నాడు.

వదిన ఏడవలేదు. కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ఇన్నాళ్లూ నిన్ను ముట్టుకోనివ్వలేదు" అంది. "నువ్వు చదివి పెడతానన్న రోజునే వినేసి ఉంటే పోయేది."

ఆడపడుచుకి ఎన్నో మాటలు నోటిదాకా వచ్చాయి. తన అన్న రాతలు తనకీ కావలసినవే. అన్నీ మింగేసింది. అప్పుడు గుర్తొచ్చింది.

"ఆ మొండిఘటం ఏదీ?"

అది ఉంది. మారలేదు గనుక ఆవిడ తీసేయలేదు. తెరిస్తే, అడుగున చీటీ కూడా ఉంది. ఆడపడుచు అక్షరాలు పెద్దవి చేసి, పెదవులు బిగించుకుని, కుర్చీ వెనక్కి జరుపుకుంది.

వదిన కళ్లద్దాలు పెట్టుకుని తెర మీద వేలు ఆనించింది.

"శ్రు... శ్రుతి ని... నిలిచింది. ఆపడం మర్చి... మర్చిపోయాను. సంచిలో ఇంటిదాకా తిరిగింది. చివర ఆవిడ గొం... గొంతు ఉంది."

ఆఖరి మాటలో ఒక్క ఒత్తూ లేదు. తడబడకుండా వచ్చింది.

"చెరపకూడదు."

వేలు అక్కడే ఉండిపోయింది.

కాసేపటికి ఆడపడుచు ఫైలు చివరికి వెళ్లి వినిపించింది. సంచి రాపిడి, మెట్ల మీద అడుగులు, తలుపు చప్పుడు. ఆ వెంటనే ఒక ఆడమనిషి గొంతు, గట్టిగా, "తడి చెప్పులు బయటే విడవమని ఎన్నిసార్లు చెప్పాలండీ? ఇప్పుడే తుడిచి చచ్చాను!"

"సరేనమ్మా, సరే" అని మేస్త్రి నవ్వాడు. ఏదో జిప్పు తీసిన చప్పుడు. "అయ్యో, ఇదింకా తిరుగుతూనే ఉందా?"

టక్కుమంది. అక్కడితో అయిపోయింది.

ఆడపడుచు కొంగుతో ముక్కు తుడుచుకుని, మరోసారి వినిపిద్దామని మౌసు మీదికి చెయ్యి చాచింది. వదిన ఆ మణికట్టు పట్టుకుంది.

"వద్దు" అంది. "దేన్నీ నొక్కకు."