బరకం వెనక పందొమ్మిది అడుగులు

ఏప్రిల్ 15, మంగళవారం ఉదయం 8.40కి గెడ్డవలస జీడితోటలో పిక్కలు ఏరుతున్న బుల్లమ్మ మీద ఎలుగుబంటి పడింది. ఆమెకు యాభై ఎనిమిదేళ్లు. కుడి చెయ్యి మోచేతి కింద విరిగింది. ఎడమ చెవి తెగిపోయింది. పదిన్నరకు ఆమెను శ్రీకాకుళం ఆసుపత్రికి చేర్చారు.

తోటలో ఎలుగు ఉందని ఆమె కోడలు ఈశ్వరి అంతకు రెండున్నర గంటల ముందే చెప్పింది. 6.10కి అటవీశాఖ గార్డు జగన్నాధానికి చేసిన కాల్ ఆమె ఫోన్లో ఉంది. తూర్పు కంచె దగ్గర ఎలుగు కూర్చుని ఉండగా చూశానని ఆమె అతనికి చెప్పింది.

జగన్నాధం 6.50కి బండి మీద వచ్చాడు. కంచె దగ్గర ఉన్నది పిక్కల రాశి మీద కప్పే నల్ల బరకం. గాలికి లేచి వచ్చి కంచె రాటకు చుట్టుకుంది. అతను దాన్ని కర్రతో లాగి, పిక్కలేరడానికి వచ్చిన ఆడవాళ్ల ముందు పడేశాడు.

“ఏటే ఈశ్వరీ, నీ ఎలుగుని మడతెట్టి ఇంటికి అట్టుకుపో. వానొస్తే కప్పుకోడానికి పనికొస్తాది.”

అక్కడున్న పద్నాలుగు మందీ నవ్వారు. బుల్లమ్మ కూడా నవ్వింది. ఎలుగు లేదు, పనిలోకి దిగండని చెప్పి జగన్నాధం వెళ్లిపోయాడు. జీడిపళ్ల కాలంలో ఆడవాళ్లు రేకుడబ్బాలు వాయించుకుంటూ తోటలోకి వెళ్తారు. చప్పుడు వింటే ఎలుగు తప్పుకుంటుంది. ఆ రోజు డబ్బాలను గట్టు మీదే వదిలేశారు.

బుధవారం పదకొండు గంటలకు అటవీశాఖ రేంజి అధికారి నారాయణమూర్తి పంచాయతీ ఆఫీసు వరండాలో విచారణ పెట్టాడు. అంతకు ముందే తోటంతా తిరిగి చూశాడు. రాట వెనక పొదలో గడ్డి అణిగి ఉంది, పెంట ఉంది, కొరికిన పళ్లు ఉన్నాయి. సోమవారం రాత్రి నుంచీ ఎలుగు అక్కడే పడుకుందని వెంట వచ్చిన సిబ్బంది తేల్చారు. రాట నుంచి పొదకు టేపు పెడితే పందొమ్మిది అడుగులు వచ్చింది.

నారాయణమూర్తి నింపిన కాగితంలో ‘ముందస్తు సమాచారం’ అన్నచోట ‘లేదు’ అని ఉంది. ఈశ్వరి ఎందుకని అడిగింది. అతను కసురుకోలేదు. ఆమె చూసింది బరకాన్నని, పొదలోని ఎలుగును చూడలేదని, ఉందని ఆమె అనుకున్నది నిజమే అయినా అది కాకతాళీయమని వివరించాడు.

“నువ్వు నమ్మావు, నిజమైంది. అంతమాత్రాన నీకు తెలుసని రాయలేనమ్మా” అన్నాడు.

ఈశ్వరి లేచి, పక్కన నిలబడ్డ జగన్నాధాన్ని చూపించింది.

“బరకం సూసి ఎలుగనుకున్నాను. తప్పే. రాసుకోండి సారూ. ఈయన కూడా ఆ బరకమే సూసినాడు. సూసి, ఎలుగు లేదన్నాడు. లేదని ఈయనకెలాగ తెలిసినాదో అది కూడా రాయండి.”

ఆమె కూర్చోకుండా మళ్లీ అంది.

“నా మాటకి మా అత్త నవ్వినాది. ఈయన మాట నమ్మినాది. నమ్మి, డబ్బా గట్టు మీద ఒగ్గేసి ఎల్లినాది.”

బరకం లాగాక ఎన్ని అడుగులు లోపలికి వెళ్లావని నారాయణమూర్తి జగన్నాధాన్ని అడిగాడు. వెళ్లలేదని అతను చెప్పాడు. బండి ఇంజను ఆపావా అని అడిగితే, ఆపలేదన్నాడు.

నారాయణమూర్తి ‘లేదు’ కొట్టేసి ‘6.10, ఫోన్’ అని రాశాడు. అడుగున చేత్తో ఒక ప్రశ్న చేర్చాడు: ఎలుగు లేదని ఎలా నిర్ధారించారు? కాగితాన్నీ పెన్నునూ జగన్నాధం ముందుకు జరిపాడు. ఆ జవాబు చదివాకే సంతకం పెడతానని ఈశ్వరి చెప్పింది.

సాయంత్రం నాలుగింటికి కాగితం జీపులో వెళ్లిపోయింది. ప్రశ్న కింద ఏమీ రాసి లేదు. ఈశ్వరి సంతకం లేదు.