షెడ్డు కిటికీలు మూసిన రోజు

పెరటి షెడ్డులోని పురుగులు ఏ క్షణాన ఇంట్లోకి పాకుతాయోనని ఆ తల్లికి ముద్ద దిగడం లేదు. కూతురేమో వాటిని చంటిపిల్లల్లా సాకుతోంది. కుళ్ళిన కూరగాయలు తిని బలిసే ఆ నల్ల ఈగల పిల్లల్ని చేపలకు మేతగా వేస్తే, చేపపొడి కొనే పనే ఉండదని ఆ పిల్ల పట్టు. చేపల చెరువు నడిపే తండ్రి, చూద్దామని ఒకే ఒక్క చేపల తొట్టి అప్పగించాడు.

"ఈ వారం ఆ చేపలు ఒళ్ళు చేస్తే చెరువంతా నీ ఇష్టం. మేత ఒక్క పూట తప్పిందా, మళ్ళీ పాత మేతే" అన్నాడు.

"ఆ ఈగలు కుట్టవమ్మా, మన తిండి జోలికి రావు" అని కూతురు నచ్చజెప్పబోతే, "అవి వచ్చి నీతో చెప్పాయా? రేపు ఇంటిల్లిపాదీ మంచాన పడితే తెలుస్తుంది" అని తల్లి చెవులు మూసుకుంది.

ఆ ఉదయం కూతురు కూరగాయల చెత్త కోసం మార్కెట్టుకు వెళ్ళగానే, తల్లి పాత దుప్పట్లు తెచ్చి షెడ్డు జాలీ కిటికీల్లో కుక్కింది. ఫ్యాను ఆపింది. తలుపు సందులో గోనెపట్టా దోపింది. అప్పటికి గాని గుండె నెమ్మదించలేదు.

మధ్యాహ్నం కూతురు తలుపు తీసేసరికి లోపలినుంచి వేడి ఆవిరి మొహాన కొట్టింది. ట్రేలలో సగం పురుగులు కదలడం లేదు. బతికినవి గోడలెక్కుతున్నాయి.

తండ్రి వెనకే వచ్చాడు. "ఏమ్మా పురుగుల మహారాణీ, నీ సైన్యం పారిపోతోందే!"

"కిటికీలు ఎవరు మూశారు?"

"నేనే!" అంటూ తల్లి పెరట్లోకి వచ్చింది. "పురుగులకి కూడా గాలాడాలని నాకెవరు చెప్పారు?"

"చెప్పనిచ్చావా? అన్ని పురుగులు ఒక్కచోట ఉంటే వాటి వేడికి అవే ఉడికిపోతాయమ్మా!"

చచ్చిన పురుగుల ట్రేల ముందు కూలబడ్డ కూతుర్ని చూసి తల్లి భర్త వైపు తిరిగింది. "ఏమండీ, పురుగుల తప్పు కాదు, నాది. ఇంకో వారం ఇవ్వండి."

"ఎవరి తప్పయితేనేం? చేపలకి ఇవాళ మేతేదీ?" అంటూ ఆయన పాత మేత వ్యాపారికి ఫోను కలిపాడు.

తల్లికి ఒళ్ళు మండిపోయింది. కళ్ళు చిట్లించుకుని గోడ మీది పురుగునొకదాన్ని పట్టి బకెట్లో పడేసింది. ఒళ్ళంతా జలదరించింది. "నిలబడి చూస్తావేం? చీపురు తే!" అని కూతుర్ని కసిరింది.

"చీపురొద్దమ్మా, నలిగిపోతాయి. చేత్తోనే ఏరాలి."

"చేత్తోనా! నా ఖర్మ కాకపోతే!" అంటూనే రెండో చెయ్యి కూడా చాపింది. "ఏమండీ, ఆ ఫోను పెట్టేయండి. ఈ పూటకి సరిపడా ఏరుతున్నాంగా!"

చేపలు తిన్నాక చూద్దామన్నాడాయన. ఫోను మాత్రం చెవి దగ్గరే ఉంచుకున్నాడు.