బామ్మర్ది పట్టిన తాడు

నేను ఒక తాడును. చీకట్లో నన్ను చూసి పామనుకుని మీరు హడలిపోతారని, దాని మీద పెద్దలు బోలెడంత వేదాంతం చెప్పారని విన్నాను. ఆ వేదాంతులకు తెలియని రహస్యం ఒకటుంది. మీకంటే నేనే ఎక్కువ భయస్తుణ్ని. అదీ ఎత్తులంటే! తాడుగా పుట్టి ఎత్తుకు భయపడటం, చేపగా పుట్టి జలుబు తెచ్చుకోవడం లాంటిది. తాడో పేడో తేల్చుకుంటామని మీరు సులువుగా అనేస్తారు. పేడకేం, నేల మీద హాయిగా పడి ఉంటుంది. వేలాడేది నేను కదా!

నల్లమలలో, పులుల కోసం సర్కారు కాపాడుతున్న అడవి మధ్యలో, ఎర్రబొంద పెంట అని పాతిక గుడిసెల చెంచుగూడెం ఉంది. నా పుట్టిల్లు అదే. అడ్డాకు తీగ నార తీసి, నానబెట్టి, ముగ్గురు మనుషులు మూడు రోజులు కూర్చుని నన్ను పేనారు. ఉడతల ఈదన్న, అతని పెండ్లాం గురవమ్మ, ఆమె తమ్ముడు బయ్యన్న. పేనుతున్నంతసేపూ బావా బామ్మర్దులు ఒకరినొకరు తిట్టుకుంటూనే ఉన్నారు. ఆ తిట్లన్నీ నా పురిలో పడ్డాయి. గట్టిదనం నారదో, నోటిదో ఇప్పటికీ తేలలేదు.

పెంటకు కూతవేటు దూరంలో ఉయ్యాల బండ ఉంది. ఇరవై నిలువుల లోతు. దాని పొట్టకు పెద్ద తేనెటీగలు పట్లు పెడతాయి. ఈదన్న నన్ను నడుముకు కట్టుకుని దిగుతాడు. పైన నన్ను చెట్టుకొక చుట్టు తిప్పి, కొస పట్టుకునేది బయ్యన్న. కింద తేనెపట్టు, పైన చేతిపట్టు, నడుమ నా ఉగ్గపట్టు.

బయ్యన్నే ఎందుకంటే అది వాళ్ల కట్టుబాటు. సొంత అన్నదమ్ములు పట్టుకోకూడదు. ప్రాణస్నేహితుడైనా సరే, ముట్టుకోకూడదు. పెండ్లాం తోడబుట్టినవాడే పట్టాలి. తాడు వదిలితే తెగేది అతని అక్క పుస్తెలతాడు కదా! ఒక తాడుకు ఇంకో తాడు జామీను. ఆ ఇద్దరికీ మాటల్లేని ఏడు బండ మీంచి ఎవరూ దిగరు. ఆ ఏడు ఈగలకు పండగ. అడవిని కాపాడటానికి సర్కారు ఎన్ని పథకాలు వేసిందో నాకు తెలియదు. పెంటవాళ్లు ఒక అలకతో పని కానిచ్చేవారు.

ఈ ఎండాకాలం ఆ అలక రానే వచ్చింది. ఈదన్న అటవీశాఖలో మంటల కాపలాదారు. ఎండుటాకులు ఊడ్చి, నిప్పు పాకకుండా బాటలు తీయడం అతని పని. ఆ బాటలోనే బయ్యన్న బీడీ ముట్టించాడు. ఈదన్న బామ్మర్ది నోట్లోది పీకి తొక్కేశాడు. జేబులోని కట్ట కూడా గుంజుకున్నాడు. అదీ పెంటంతా చూస్తుండగా!

"ఖాకీ అంగీ ఏసినంక మా బావ పులైండు. ఇగ పులితోని నాకేం మాటలు?" అని బయ్యన్న మూతి బిగించాడు. ఈ ఏడు నాకు సెలవే అనుకుని నేను చూరుకింద కాళ్లు చాపుకున్నాను. నాకు కాళ్లు లేవు. అయినా చాపుకున్నాను.

అప్పుడొచ్చాడు రేంజరు విద్యాధర్. మంచివాడే. మంచివాళ్లంటే నాకు మరీ భయం. పై అధికారులు బండ చుట్టూ కంచె వేసి, పెంటవాళ్లను కూడా రానివ్వకూడదనుకుంటున్నారట. పట్లు ఎన్నున్నాయో లెక్క చూపి, వాటికి ఏ లోటూ లేదని రుజువు చేస్తే బండ పెంట చేతిలోనే ఉంటుందట. రిపోర్టు ఎల్లుండికల్లా వెళ్లాలి. పైనుంచి చూస్తే పట్లు కనబడవు. దిగాల్సిందే.

గురవమ్మ పరుగున తమ్ముడి గుడిసెకు పోయింది. "బండ పోతే మనకేమున్నదిరా?" అని ఏడ్చింది.

"వస్తగని తాడు పట్ట," అన్నాడు బయ్యన్న.

ఆమె తిరిగొచ్చి రేంజరు ముందు నిలబడింది. "సారూ, నీకు అక్కలున్నరా?"

"లేరమ్మా."

"ఇగ ఉన్నది." అని వేలితో ఇంత తేనె తీసి ఆయన నోట్లో పెట్టింది. "నువ్వు నా తమ్మునివి. తాడు పట్టు."

ఆయన నవ్వి, "సరే అక్కా," అన్నాడు. పెంటవాళ్లు తలలూపారు. కట్టుబాటు నిలిచింది. నా గుండె మాత్రం జారింది. తేనె నాకితే తమ్ముడవుతాడు, ఒప్పుకుంటాను. ఫైళ్లు పట్టిన చేయి తాడు పట్టే చేయి అవుతుందా?

పొద్దున్నే ఈదన్న దిగాడు. చెట్టు దగ్గర రేంజరు పట్టుకున్నాడు. గురవమ్మ అంచు దగ్గరే నిలబడింది. బయ్యన్న కూడా వచ్చాడు. వచ్చి, వీపు ఇటు తిప్పి, బండరాయి మీద కూర్చున్నాడు. ఈదన్న ఒక్కో పట్టూ లెక్కపెడుతూ పైకి అరుస్తున్నాడు. "తొమ్మిది! పది!" నేను కళ్లు మూసుకున్నాను. కింద చెట్లు కొత్తిమీర కట్టల్లా ఉన్నాయి. కళ్లు మూసుకున్నా కనబడుతున్నాయి.

చివరిదైన పద్నాలుగో పట్టు దగ్గర ఈగలు లేచాయి. ఈదన్న జోలికి పోలేదు. రేంజరు తలకు రాసుకొచ్చిన వాసన నూనె కోసం నేరుగా పైకి వెళ్లాయి. ఒకటి కుట్టింది. పది కుట్టాయి. ఆయన ఒక చేత్తో తోలుకున్నాడు.

ఇంకో చేతిలో నేను ఆగలేదు.

నేను జారాను. ఒక బార. రెండు బారలు. ఆయన అరచేతిని కోసుకుంటూ, బండ అంచుకు ఒరుసుకుంటూ, నా నార పటపటమని లేస్తోంది. కింద మనిషి బరువు గుంజుతోంది. నాకు అరవడానికి నోరు లేదు. గురవమ్మకు ఉంది. ఇద్దరి వంతూ ఆమే అరిచింది.

ఒక్కసారిగా నన్నెవరో బిగించారు. ఆ పట్టు నాకు తెలుసు. పేనిన చేయి కదా! బయ్యన్న నన్ను నడుముకు చుట్టుకుని, మడమలు నేలకు తన్ని వెనక్కి వాలాడు. ఈగలు అతని మొహాన్నీ వదల్లేదు. అతను కనురెప్ప కూడా ఆర్పలేదు.

కింద నుంచి ఈదన్న గొంతు వచ్చింది. "ఎవలే పట్టింది?"

"నా తమ్ముడే!" అని అరిచింది గురవమ్మ.

"ఏ తమ్ముడే?"

అడగాల్సిన ప్రశ్నే. పాపం, నిన్నటి నుంచి ఆమెకు ఇద్దరాయె.

బయ్యన్న పళ్లు కొరికాడు. మాటలు లేవు కదా! కానీ పైనున్నది ఎవరో తెలియకపోతే కింది మనిషి కాలు రాయిని నమ్మదు. "బీడీల తమ్ముడు!" అని గావుకేక పెట్టాడు. "ఎక్కు బావా! నీకోసం గాదు, మా అక్క కోసం గుంజుతున్న!"

ఈదన్న ఎక్కాడు. పైకొచ్చి కూలబడ్డాడు. ఎవరూ ఎవరికీ దండం పెట్టలేదు. వాచిన మూతితో బయ్యన్న చేయి చాపాడు. "నా కట్ట ఇయ్యి."

"బాటల తాగనంటే ఇస్త."

"తాగ."

పద్నాలుగు పట్లని రిపోర్టు పోయింది. నార లేచిన తాడుకు మనిషిని అప్పజెప్పరు కాబట్టి నా ఉద్యోగం కూడా పోయింది. రేంజరు అడిగి తెచ్చుకుని తన ఆఫీసు గోడకు తగిలించాడు. నేలకు నాలుగడుగుల ఎత్తే. అయినా భయమే. ఫోను మోగితే చాలు, బండ పోయిందన్న కబురేమోనని మేకు చుట్టూ బిగుసుకుపోయేవాణ్ని.

నలభై రోజులకు కాగితం వచ్చింది. బండ పెంట చేతిలోనే ఉండవచ్చు. షరతు ఒక్కటే. తేనెకు దిగే పద్ధతిని జతచేసిన ఫారంలో రాసి పంపాలి. ఇకపై దిగేవారంతా దాన్నే పాటించాలి.

విద్యాధర్ నా కిందే కూర్చుని రాయడం మొదలుపెట్టాడు. 'తాడు పట్టుకొను వ్యక్తి అర్హత' అన్న గడిలో 'బామ్మర్ది' అని రాశాడు. పక్కనున్న గుమాస్తా కిసుక్కుమన్నాడు. ఆయన నవ్వలేదు.

'సదరు వ్యక్తి లేనిచో ప్రత్యామ్నాయం' అన్న గడి దగ్గర కలం ఆగింది. చేయి తిప్పి చూసుకున్నాడు. అరచేతి మీద నేను గీసిన గీత ఇంకా ఎర్రగానే ఉంది. దాన్ని బొటనవేలితో ఒకసారి తడిమాడు. ఆ భయం నాకు బాగా తెలిసినదే.

రాశాడు. 'లేదు. ఆ ఏడు ఎవరూ దిగరు.'