హాజరుపట్టీలో లేని మనిషి

మంగళవారం పొద్దుటి నుంచి ఫీబే ఇంట్లో ఒక మనిషి ఎక్కువగా ఉన్నారు. లెక్కపెడితే ముగ్గురే: ఫీబే, ఆమె భర్త జెకర్యా, అత్తగారు దీనమ్మ. లెక్కపెట్టడం ఆపగానే మళ్ళీ నలుగురవుతారు.

తొట్టి దగ్గర కాఫీ తాగిన గ్లాసులు మూడు ఉన్నాయి. ఆ ఇంట్లో కాఫీ తాగేది ఇద్దరే, దీనమ్మది రాగిజావ. ఫీబే రెండు గ్లాసులు కడిగి బోర్లిస్తుంది. మూడోదాన్ని వేలికొనతో తాకి చూస్తుంది. అది ఇంకా వెచ్చగా ఉంది.

"ఏవండీ, మీరు రెండుసార్లు తాగేరా?"

"ఒక్కసారే," అంటాడు జెకర్యా. అతను ఐసు ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్. ఏ తీగనైనా టెస్టర్ పెట్టి చూస్తే తప్ప నమ్మడు. "నువ్వో?"

"నేనూ ఒక్కసారే."

ఇద్దరూ ఒకేసారి కిటికీ పక్క మంచం వైపు చూస్తారు. దీనమ్మకి పక్షవాతం వచ్చి ఏడాదైంది. పడిపోయిన ఎడమచేతిని పసిపిల్లని పెట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని, కుడిచేత్తో దాన్ని నిమురుతూ కూర్చుని ఉంది. వాళ్ళు చూస్తున్నారని తెలిసి నవ్వుతుంది. ఆ నవ్వు ఫీబేకి నచ్చదు.

ఫీబేకి భయం కొత్త కాదు. ఉరిమితే భయం. ఫోను మోగితే భయం, మోగకపోతే ఇంకా భయం. లేసు అల్లుతూ కూర్చుంటే వెనక నుంచి ఎవరో తన కుట్లు విప్పుకుంటూ వస్తున్నారని భయం. సమాధాన ప్రార్థన మందిరం వాళ్ళ యుద్ధ ప్రార్థన బృందంలో చేరింది అందుకే. పదిమంది ఆడవాళ్ళు మోకాళ్ళ మీద ఉండి ఒక్క గొంతుతో అపవాదిని, ఆ సైతానుని, గద్దిస్తుంటే, ఆ మధ్యలో ఆమె భయం ఆమెకే వినబడదు. నాలుగేళ్ళుగా ఆ చప్పుడులోనే తలదాచుకుంటోంది.

బృందానికి పెద్ద రాహేలు టీచరుగారు. హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయినా హాజరుపట్టీ మాత్రం చంకలోంచి దించలేదు. ఫీబే కబురు పంపితే, బుధవారం ఉదయం పది గంటలకి బృందాన్ని వెంటబెట్టుకుని ఫీబే ఇంటికి వస్తారు. గుమ్మంలోనే ఆగి గాలి వాసన చూస్తారు.

"లెక్కలో లేనివాడు మనవాడు కాదమ్మా. వాణ్ణి పట్టుకోడానికి హాజరు పిలవడమొక్కటే దారి."

కళ్ళజోడు సర్దుకుని పట్టీ తెరుస్తారు.

"జెకర్యా."

"ఉన్నానండి."

"ఫీబే."

"ఉన్నానండి."

"దీనమ్మ."

"ఉన్నా," అని మంచం మీంచి ముద్దముద్దగా జవాబు వస్తుంది. "ఉన్నా," అని వంటింట్లోంచి ఇంకో జవాబు వస్తుంది. అది స్పష్టంగా, తీరుబడిగా ఉంది.

జెకర్యా పరిగెత్తి చూస్తాడు. వంటింట్లో ఎవరూ లేరు. పొంగబోతున్న పాలగిన్నెని ఎవరో పొయ్యి మీంచి దించి పక్కన పెట్టారు.

"దీనమ్మగారూ, రెండుసార్లు ఎందుకు పలికేరు?" అంటారు టీచరుగారు.

"నేనొక్కసారే పలికేను. రెండోసారి నా తరఫున ఎవరో పలికేరు."

"పలకమని మీరు చెప్పేరా?"

"లేదండి. నాకు నోరు తిరగదని తెలిసినోళ్ళెవరో."

టీచరుగారు దీనమ్మ పేరు కింద ఎర్రసిరాతో గీత గీస్తారు. ఆ సిరా కాగితంలో ఇంకిపోయి అవతలి పేజీలోకి, అక్కడి నుంచి అట్టలోకి దిగుతుంది.

"ఒక పేరుకి ఇద్దరు పలికితే అందులో ఒకరు దొంగ," అంటారు. "శత్రువు ఈ ముసలామె పేరులో దూరేడు. శుక్రవారం ఉపవాస ప్రార్థనకి తీసుకురండి. పడమటి తలుపులోంచి పంపించేద్దాం."

మందిరానికి పడమటి తలుపు ఒకటుంది. కట్టిన కొత్తలో దాని అవతల రోడ్డు ఉండేదట. ఇప్పుడు నేలే లేదు. తలుపు తీస్తే కిందా పైనా ఎదురుగా అంతా బియ్యప్పిండి రంగే. పంపించెయ్యాల్సినవాటిని బృందం అందులోంచే పంపుతుంది. పోయినేడు సత్యానందంగారి దగ్గుని పంపించారు. ఆ రోజు ఫీబే కూడా ఆయన వీపు మీద చెయ్యి వేసింది. దగ్గు వెళ్ళింది, దాని వెనకే ఆయన గొంతూ వెళ్ళిపోయింది. ఇప్పుడాయన పాటలప్పుడు పెదాలు మాత్రం కదుపుతాడు.

"మరి అత్తయ్య?" అంటుంది ఫీబే. "శత్రువుని పంపిస్తే అత్తయ్య ఉంటుందాండి?"

"ఆమె ఆమే అయితే ఉంటుంది," అంటారు టీచరుగారు.

ఆ రోజు మధ్యాహ్నం నుంచి ఇల్లు పొడుగవుతుంది. వంటింటి నుంచి దీనమ్మ మంచానికి ఎప్పుడూ పది అడుగులే. ఫీబే జావగిన్నె పట్టుకుని బయల్దేరి, "ఇంతకీ ఈవిడ ఈవిడేనా?" అనుకోగానే నేల ఇంకో రెండు గజాలు సాగుతుంది. మళ్ళీ అనుకుంటే మళ్ళీ సాగుతుంది. గురువారానికి జావ చల్లారిపోయేంత దూరమవుతుంది. జెకర్యా వైరు చుట్ట విప్పి కొలుస్తాడు. తొంభై మీటర్ల చుట్ట అయిపోతుంది గానీ మంచం రాదు. అవతలి చివర దీనమ్మ గోరంత కనబడుతుంది. చెయ్యి ఊపుతుంది.

"నిన్నో మాట అడుగుతాను, చెప్పు," అంటాడు జెకర్యా, వైరు చుడుతూ. "మన పెళ్ళికి నేను వేసుకున్న చొక్కా రంగేంటి?"

"లేత నీలం. జేబు మీద సిరా మరక కూడా ఉంది. ఎందుకండీ?"

"నువ్వు నువ్వేనా అని."

"మరి తేలిందా?"

"లేదు. ఆ శత్రువుకైనా అంత గుర్తుంటుంది కదా."

ఫీబేకి ఒళ్ళు మండుతుంది. "నా చీర రంగేంటో మీరు చెప్పండి."

జెకర్యా చాలాసేపు ఆలోచిస్తాడు. "మర్చిపోయేను."

"అయితే మీరే వాడు."

"మర్చిపోయేది మొగుడే ఫీబే," అంటాడతను నీరసంగా. ఆ జవాబు సరిగ్గా జెకర్యా చెప్పే జవాబులాగే ఉంది. అందుకే ఆమెకి ఇంకా అనుమానంగా ఉంది.

శుక్రవారం, ఆ దూరమంతా నడిచెళ్ళి జెకర్యా తల్లిని ఎత్తుకొచ్చేసరికి, మందిరంలో బెంచీలన్నీ గోడలకి జరిపి ఉన్నాయి. బృందం రెండు వరసలుగా నిలబడి ప్రార్థిస్తోంది. ఒక్కొక్క మాటా నోట్లోంచి మేకులా బయటికొచ్చి ఎదుటి గోడలో దిగబడుతోంది. గోడ నిండా మేకులు. కొన్ని మేకులకి అప్పుడే ఎవరివో గొడుగులు వేలాడుతున్నాయి. వెనకాల సత్యానందంగారు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

బర్నబా పాస్టరుగారు మెత్తని మనిషి. చిన్నప్పుడు టీచరుగారి దగ్గరే మూడో తరగతి చదువుకున్నాడు. రుమాలుతో మెడ తుడుచుకుంటూ, "టీచరుగారూ, ఇంకొక్క వారం చూద్దామాండి?" అంటాడు.

"ఆగమని చెప్పేది ఎవరో తెలుసా అయ్యగారూ?"

ఆయన తెలిసినట్టు తలూపి, చేతులు రెండూ మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చుంటాడు.

"ఇంటి మనిషే తీసుకెళ్ళాలి," అంటారు టీచరుగారు. "ఫీబే, లే."

జెకర్యా లేవబోతాడు గానీ అతని చెప్పులు నేలకి అంటుకుపోయి ఉన్నాయి. ఫీబే అత్తగారి కుడిచెయ్యి పట్టుకుని నడిపిస్తుంది. ఆ చెయ్యి చల్లగా, తేలిగ్గా ఉంది. ఇద్దరు ఆడవాళ్ళు పడమటి తలుపు గడియ తీస్తారు. తెల్లదనం లోపలికి చూస్తుంది.

"ఫీబే, నా చెయ్యి పట్టుకుంది నువ్వేనా?"

"నేనే అత్తయ్యా."

"అయితే ఇదెవరు పట్టుకున్నారే?"

ఏడాదిగా కదలని ఎడమచెయ్యి నడుము దాకా లేచి ఉంది. వేళ్ళు ఇంకో అరచేతి చుట్టూ ముడుచుకున్నట్టు ఉన్నాయి. ఆ అరచెయ్యి మాత్రం కనబడదు. బృందంలో ఎవరో కెవ్వుమంటారు. మేకులు వానలా పడతాయి.

"తొయ్యి," అంటుంది ఒక గొంతు ఫీబే చెవిలో. "తోసెయ్యి. నీ ఇల్లు నీకు మిగులుతుంది."

అది ఫీబే గొంతే. అదే యాస, చివర్లో అదే చిన్న వణుకు. ఆమె నిలబడిపోయి వింటుంది. ఈ గొంతు తనకి బాగా తెలుసు. మంగళవారం నుంచి ఇంట్లో మనుషుల్ని లెక్కపెడుతున్నది ఇదే. పోయినేడు సత్యానందంగారి వీపు మీద చెయ్యి వెయ్యమన్నదీ ఇదే. పుట్టి బుద్ధెరిగిన దగ్గర నుంచి ఇది ఒక్కసారైనా ఎవరి దగ్గరికీ వెళ్ళమని చెప్పలేదు. దూరం జరగమనే చెప్పింది.

ఫీబే మోకాళ్ళ మీద పడదు. గద్దించదు. పక్కింటివాళ్ళతో మాట్లాడినట్టు, "ప్రభువా, నాకు భయంగా ఉంది," అంటుంది. నాలుగేళ్ళ ప్రార్థనల్లో ఈ మాట ఆమె ఎప్పుడూ చెప్పలేదు. అది మేకులా వెళ్ళదు. ఎక్కడికీ వెళ్ళకుండా ఆమె పక్కనే ఉండిపోతుంది.

"టీచరుగారూ," అంటుంది ఫీబే వెనక్కి తిరిగి. "ఆదివారపు బడిలో మీరు మాకో కథ చెప్పేరు. రాజు ముగ్గుర్ని అగ్నిగుండంలో వేయించి, తొంగి చూస్తే కాలకుండా నలుగురు నడుస్తూ కనబడ్డారని. ఆ నాలుగోవాణ్ణి వాళ్ళు దొంగ అన్నారాండి?"

"ఆ కథలో మంట ఉంది. ఇక్కడ మంటేదీ?"

"నాలో ఉంది. చిన్నప్పట్నించీ కాలుతున్నాను. మీరు చూళ్ళేదు. నేను చెప్పలేదు."

టీచరుగారు పట్టీలో పేజీ తిప్పుతారు. "అది ప్రభువే అని నీకెలా తెలుసు? వాడు వెలుగు వేషం కూడా వేస్తాడు."

"తెలీదండి. అందుకే నేనే ముందెళ్ళి చూసొస్తాను. అత్తయ్యని పంపను."

చెయ్యి వదలకుండానే ఫీబే గడప దాటి కాలు బయట పెడుతుంది. అక్కడ ఏమీ లేదు. ఆ ఏమీలేనితనం ఆమె పాదానికి గట్టిగా, గోరువెచ్చగా తగులుతుంది. రెండో కాలు కూడా పెట్టి నిలబడుతుంది. చెవిలోని గొంతు గడప దగ్గర ఆగిపోతుంది.

"నేను రాను. నాకు నేల ఉండాలి," అంటుంది. "నువ్వు లేకపోతే నేనెక్కడుండను?"

"నాకు తెలీదు," అంటుంది ఫీబే. నిజంగానే ఆమెకి తెలీదు.

ఆ తెల్లదనం లోపల ఎక్కడో ఒక మగగొంతు మంద్ర స్థాయిలో పాట రెండో చరణం పాడుతోంది. ఏడాదిగా అక్కడే పాడుతోంది. మూడో చరణానికి వెళ్ళడానికి తోడెవరూ లేక అందులోనే ఉండిపోయింది. ఫీబే రమ్మని చెయ్యి ఊపుతుంది. మందిరం లోపల సత్యానందంగారు గట్టిగా దగ్గుతాడు. దగ్గి, గొంతు సవరించుకుని, "మంచినీళ్ళున్నాయాండి?" అంటాడు. ఆయన మాట విని ఆయనే ఉలిక్కిపడతాడు.

ఫీబే లోపలికి వస్తుంది. గడప మీద గొంతు లేదు. దీనమ్మ ఎడమచెయ్యి మెల్లగా దిగి పక్కన వేలాడుతుంది. దాని వేళ్ళు కదులుతున్నాయి.

మేకులు ఆగిపోయాయి. జెకర్యా చెప్పులు వదిలేసి వట్టికాళ్ళతో వచ్చి తల్లి ముందు నిలబడతాడు. "పసుపుపచ్చ చీర," అంటాడు పెళ్ళాంతో. "ఇప్పుడే గుర్తొచ్చింది."

"కాదు," అంటుంది ఫీబే. "ఆకుపచ్చ." ఆమెకి నవ్వొస్తుంది.

రాహేలు టీచరుగారు హాజరుపట్టీ మూసి గుండెలకి హత్తుకుంటారు. "మా ఆయన పోయిన మర్నాటి నించీ మా ఇంట్లోనూ ఒకరు ఎక్కువే ఫీబే," అంటారు చాలా చిన్నగా. "పట్టుకుందామని ముప్ఫై ఏళ్ళుగా హాజరు పిలుస్తున్నాను. ఒక్కసారైనా పేరడగలేదు."

"ఈ రోజు అడగండి."

"వాడే అయితే?"

"నేనొచ్చి మీ పక్కన కూచుంటానండి."

టీచరుగారు ఆమెని నమ్మీ నమ్మనట్టు చూస్తారు. తర్వాత గోడ దగ్గరికెళ్ళి బెంచీ ఒక చివర పట్టుకుంటారు. రెండో చివర ఫీబే పట్టుకుంటుంది. అందరూ కలిసి బెంచీలన్నీ మళ్ళీ వరసలో వేస్తారు. పాస్టరుగారు పాట నంబరు చెప్పడానికి లేస్తాడు.

అప్పుడు తెరిచే ఉన్న పడమటి తలుపు బయట ఎవరో గొంతు సవరించుకుంటారు. సముద్రం వచ్చి నిలబడి ఉంది. ఊరికి అది ఇరవై మైళ్ళ దూరం. ఇంతవరకూ ఎప్పుడూ రాలేదు. గుమ్మం పట్టని మనిషిలా ఒక పక్కకి ఒరిగి, తల మీద ముసుగు కప్పుకుని, చేపలన్నిటినీ కొంగులో పట్టుకుని లోపలికి అడుగుపెడుతుంది. ఆడవాళ్ళ వైపు చివరి బెంచీలో, ఫీబే పక్కన కూర్చుంటుంది. కిటికీ రెక్కలన్నీ ఉప్పు వాసన వేస్తాయి.

ఫీబే దాన్ని పైనుంచి కిందకి అనుమానంగా చూస్తుంది. దాని ఒళ్ళో దూరంగా ఒక పడవ లైటు వేసుకుని వెళ్తోంది.

"కాస్త లోపలికి జరగండమ్మా," అంటాడు పాస్టరుగారు. "వెనక ఇంకా వస్తున్నారు."

"ఎన్నో పాటండీ?" అని సముద్రం ఫీబే చెవిలో అడుగుతుంది.

ఫీబే నంబరు చెబుతుంది. బెంచీలో ఎందరున్నారో లెక్కపెట్టకుండా, తన పాటల పుస్తకాన్ని సగం దాని వైపు జరుపుతుంది. సముద్రం తడివేలు వరసల కింద జరుపుకుంటూ, ముసలితనంలో అక్షరాలు నేర్చుకుంటున్న మనిషిలా, ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటూ పాడటం మొదలుపెడుతుంది.