సీసాలో పత్తి

మాత్రల సీసాలో పత్తి కుక్కే విద్య నా అంత బాగా ఎవరికీ రాదు. హెచ్ఐవీ మాత్రలు ప్లాస్టిక్ సీసాలో వస్తాయి. సంచిలో వేసుకుని నడిస్తే గలగలమంటాయి. పక్కింటామె ఆ సప్పుడేందని అడిగిందంటే, ఇక ఊరంతా పాకుతుంది. అందుకే కొత్తగా మందులు మొదలుపెట్టిన ప్రతి ఆడమనిషికీ ముందు ఇదే నేర్పేదాన్ని. పధ్నాలుగేళ్లు నా సీసా నోరు మెదపలేదు. నా నోరు మాత్రం ఊరుకోదు, ఆ సంగతి మరిపెడ దాకా తెలుసు.

మందులు వాడేవాళ్లను కనిపెట్టుకుని పల్లెలు తిరగడం నా పని. నేనూ అవే మింగుతానని అప్పటికి మా ఊళ్లో ఎవరికీ తెలియదు.

మా వాడకట్టులోని రూతుకు అప్పుడు ఏడో నెల. బిడ్డకు జబ్బు అంటకూడదంటే రోజూ మాత్ర పడాల్సిందే. భర్త జాన్సన్ లారీ డ్రైవరు. అతనికీ ఉంది, అతని సీసా లారీలోనే ఉంటుంది. అత్త ప్రేమలతకు ఏదీ చెప్పలేదు. రూతుకూ నేనే పత్తి విద్య నేర్పాను, పెద్ద ఘనకార్యం చేసినట్టు.

ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేసింది.

"అక్కా, అత్తమ్మ అర్ర సదిరింది. సీసా ఊపి సూసిందట. సప్పుడు రాలేదని, వట్టిదనుకొని పెంటకుప్పల పారేసింది. నాలుగు రోజులైంది."

"నాలుగు రోజులా? ఇప్పుడా చెప్పుడు?"

"భయమైంది అక్కా."

తిట్టాల్సింది ఆ పిల్లను కాదు, నన్ను. నా తెలివి బిడ్డ ప్రాణం మీదికి తెచ్చింది. అప్పటికప్పుడు రూతును వరంగల్ దవాఖానకు తీసుకుపోయి, కొత్త సీసా ఇప్పించి, మాత్ర నా ముందే వేయించాను. కానీ ఇల్లు అదే, దాచుకోవడం అదే. మళ్లీ పోదని ఏమిటి నమ్మకం?

రూతు సంగతి నేను చెప్పకూడదు. ఎవరిది వాళ్లే చెప్పుకోవాలి, మా పనిలో మొదటి నియమం అది. నాది చెప్పుకోవడానికి నాకెవరు అడ్డం?

సాయంత్రం ప్రేమలత అరుగు మీద మిరపకాయల తొడిమలు తీస్తోంది. ఎదురుగా కూర్చుని నా సీసా బయటికి తీశాను. పత్తి పీకేసి గలగలా ఊపాను.

"ఇదేంది వదినె?" అంది.

"హెచ్ఐవీ గోలీలు. నావే. పధ్నాలుగేండ్ల సంది మింగుతాన. ఇవి మింగుకుంటనే నా బిడ్డను కన్న. దానికేం లేదు, ఎనిమిదో తరగతి సదువుతాంది."

ఆమె చేతులు ఆగిపోయాయి. లేచి వెళ్లిపోతుందనుకున్నాను. అంతలో గడపలోంచి రూతు గొంతు వినిపించింది.

"అత్తమ్మా, నువ్వు పారేసిన సీసా వట్టిది గాదు. నాది. నీ కొడుక్కు గూడ ఉంది."

ప్రేమలత కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, మిరప చేతులతో తుడుచుకోలేకపోతోంది. నా కొంగుతో నేనే తుడిచాను. అప్పుడు కోడలి మీద విరుచుకుపడింది.

"నాకు జెప్తె నేను పారేద్దునా?"

ఆ కోపం చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ రోజు నుంచి, టీవీలో వార్తలు మొదలయ్యే వేళకు సీసా ఊపి కోడల్ని పిలవడం ప్రేమలత పని. మళ్లీ ఒక్క మాత్ర తప్పలేదు. ఆడపిల్ల పుట్టింది. పుట్టగానే మందు పోశారు. ప్రతి పరీక్షకూ ముగ్గురం వెళ్లాం.

నిన్న ఏడాదిన్నరకు చేసే ఆఖరి పరీక్ష ఫలితం చెప్పారు. బిడ్డకు ఏమీ లేదు. ఏమీ లేదు! దవాఖాన వరండాలోనే ప్రేమలత మనవరాలిని ఎత్తుకుని తిరిగింది. నేను ఏడ్చాను, సిగ్గేమీ పడలేదు.

తిరిగివచ్చే బస్సు కిక్కిరిసి ఉంది. చోటు లేక నిలబడ్డ రూతు చంకలో పిల్లది సంచి పట్టుకుని ఊపుతోంటే, పత్తి లేని సీసా గలగలమంటోంది. ముందు సీట్లో పెద్దావిడ వెనక్కి తిరిగింది.

"ఏందే ఆ సప్పుడు?"

నేను నోరు తెరిచాను. నాకంటే ముందు రూతు అందుకుంది.

"నా గోలీలు పెద్దమ్మా. హెచ్ఐవీయి. ఇది నా బిడ్డ. దీనికేం లేదు, ఇప్పుడే చెప్పిండ్రు."

పెద్దావిడ రూతును చూసింది, పిల్లను చూసింది. తర్వాత కొంచెం పక్కకు జరిగి, రెండు చేతులూ చాపింది.

"నిలవడి ఎంతసేపు ఎత్తుకుంటవు, ఇటియ్యి" అంది.