శనివారం చేతిపని

లింగంపేట చుట్టుపక్కల ఊళ్లలో ఆడపిల్లకు పాలపళ్లు ఊడకముందే చేతికి కత్తెర వచ్చేది. తునికాకు కత్తిరించడం, తంబాకు పోసి బీడీ చుట్టడం, దారం కట్టడం, మూతి ముడవడం ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. తల్లి పక్కన కూర్చున్న పిల్లకు అవే వచ్చేస్తాయి. సంబంధానికి వచ్చినవాళ్లు పిల్ల ముఖం కంటే ముందు వేళ్లు చూసేవారు. బీడీలు రాని పిల్లను చేసుకుని గోడకు తగిలించుకుంటామా అని మొహమాటం లేకుండా అడిగేవారు కూడా.

అలాంటిచోట గౌరవ్వ తన ఒక్కగానొక్క బిడ్డ బాలమణికి బీడీ నేర్పలేదు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అని వాడకట్టు ఆడవాళ్లు మూతులు తిప్పారు. తిప్పుకోనీ అనుకుంది గౌరవ్వ. ఆమె ఒళ్లో తల్లి బీడీల చాట పెట్టినప్పుడు ఆమెకు ఏడేళ్లు. ఆ చాట ఇప్పటిదాకా దిగలేదు. వంగి వంగి మెడ పట్టేసింది, తంబాకు దుమ్ముకు దగ్గు అంటుకుంది, సంతకం పెట్టమంటే వేలిముద్రే గతి. తన చాట తనతోనే పోవాలి, బాలమణి పదో తరగతి పాసై కామారెడ్డి కాలేజీకి పోవాలి. ఇంతకు మించి ఆమె ఏ దేవుణ్ణీ ఏమీ అడగలేదు. బడి వదిలే వేళకు చాట ఎత్తి లోపలింట్లో పెట్టి తలుపు దగ్గరికి వేసేది. వాకిలంతా తంబాకు వాసన కొడుతుంటే ఏం దాస్తుంది పిచ్చిది? పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టే. అయినా దాచేది.

ఎనభై ఆరులో ఆ ఊరి బడికి సీతారాం సారు వచ్చాడు. నిజామాబాద్ మనిషి, మంచివాడు. చెడ్డవాడైతే గౌరవ్వ మొదటే జాగ్రత్త పడేది. పిల్లలకు పుస్తకం ఒక్కటే చాలదు, చేతులతో చేసి నేర్చుకోవాలని ఆయన పట్టుదల. శనివారం మధ్యాహ్నం చేతిపని పీరియడ్ పెట్టాడు. బడి వెనక రాళ్లు ఏరించి, మళ్లు కట్టించి, బచ్చలి, మెంతి, టమాట వేయించాడు. జనపనారతో తాళ్లు పేనడం నేర్పాడు. మూడు రాళ్ల పొయ్యి మీద పిల్లలచేతే పప్పు వండించి, పిల్లలచేతే వడ్డింపించి, తానూ వాళ్లతో కింద కూర్చుని తిన్నాడు.

బాలమణి ఆ బచ్చలి ఇంటికి తెచ్చి అదే పప్పు మళ్లీ వండింది. తండ్రి దేవయ్య కామారెడ్డిలో రైసుమిల్లు హమాలీ, వారానికోసారి ఇంటికి వస్తాడు. ఆ రోజు ఉన్నాడు. పప్పులో ఉప్పు కాస్త ఎక్కువైంది. మొగుడూ పెళ్లాం ఆ సంగతి ఎత్తకుండా గిన్నె ఖాళీ చేశారు. తన బిడ్డ చేతులకు ఇట్లాంటి పనులు కూడా ఉన్నాయని గౌరవ్వకు ఆ పూట ఎంత సంతోషం వేసిందో చెప్పలేం. సారు చల్లగుండాలని మొక్కుకుంది.

తానొకటి తలిస్తే దైవమొకటి తలుస్తుంది. ఎండాకాలం మొదలయ్యేసరికి బడి బావి అడుగంటింది, మళ్లు ఎండిపోయాయి. నార కొనడానికి పైనుంచి పైసా రాలేదు. వచ్చింది ఒక్క కబురే. పిల్లలకు స్థానికంగా ఉన్న చేతివృత్తులు నేర్పుతున్నారో లేదో చూడటానికి ఇన్‌స్పెక్టరు వస్తాడట. సీతారాం సారు ఊరంతా తిరిగి చూశాడు. ఏ గడపలో చూసినా ఉన్నది ఒకటే వృత్తి. బీడీ కార్ఖానా నడిపే ముక్తార్‌ను అడిగితే ఆకు, తంబాకు ఊరికే ఇస్తానన్నాడు. పిల్లలు చుట్టినవి మాత్రం తనకే ఇవ్వాలన్నాడు. సారుకు అందులో తప్పేమీ కనిపించలేదు.

ఒక శనివారం సాయంత్రం బాలమణి స్టీలు గ్లాసు పట్టుకుని తల్లి దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"అవ్వా, ఫస్టు నేనే! సారు బహుమతి ఇచ్చిండు. అందరికంటె సాపుగ నేనే చేసిన!"

"ఏం చేసినవే?"

"బీడీలు."

గౌరవ్వ చెయ్యి లేచింది. పిల్ల ముఖంలోని వెలుగు చూసి ఆ చెయ్యి దించుకుంది. కొంగు బిగించి నేరుగా బడికి నడిచింది. సీతారాం సారు తాళం వేస్తున్నాడు.

"సారూ, నా బిడ్డకు బీడీలు నేర్పిండ్రంట?"

"అవును గౌరవ్వా. దాని చెయ్యి ఎంత బాగుందనుకున్నవ్! మన ఊరి పనిని మన పిల్లలు చిన్నచూపు చూడొద్దు కదా."

"నాకెందుకు సారూ చిన్నచూపు? దాంతోనే బతుకుతున్న. నా బిడ్డకు రావొద్దని ఇన్నేండ్లు దాసిన. నేను ఇంట్ల దాస్తే మీరు బడిల చేతికిచ్చిండ్రు. గీ పని నేర్సుకోను బడెందుకు? నా పక్కన కూసుంటె సాలదా?"

సారు ముఖం వాడిపోయింది. ఆ సంగతి ఆయనకు నిజంగానే తట్టలేదు. కానీ మిగతా తల్లులు ఊరుకోలేదు. మా పిల్లలకు సారు పని నేర్పుతుంటే నీకెందుకు కడుపుమంట, నీ పిల్ల ఏమన్నా దొరసానా అని గౌరవ్వ మీదికే వచ్చారు. చివరికి ఆ పీరియడ్‌లో బాలమణిని ఒక్కదాన్నే పక్కన కూర్చుని లెక్కలు చేసుకొమ్మన్నాడు సారు. గౌరవ్వ గెలిచింది. ఇల్లు అలకగానే పండుగ కాదన్నది ఆమెకు ఆ రోజు గుర్తు రాలేదు.

వానాకాలంలో మిల్లులో బస్తాల వరుస కూలి దేవయ్య మీద పడింది. నడుము విరిగింది. పిల్లను పక్కింటి తాహేరాకు అప్పగించి గౌరవ్వ కామారెడ్డి ఆసుపత్రిలో మొగుడి మంచం పక్కన కూర్చుంది. అతన్ని ఎడ్లబండి మీద పడుకోబెట్టి ఇంటికి తెచ్చిన రోజు, లోపలింట్లో చాట నిండా బీడీ కట్టలు కనిపించాయి. తాను నానబెట్టి వదిలి వెళ్లిన ఆకంతా అయిపోయింది.

"ఆకు కరాబైతదని చేసిన అవ్వా," అంది బాలమణి భయంభయంగా. "తెచ్చిన ఆకుకు బీడీలు ముట్టజెప్పకుంటె ముక్తార్ సేటు నీ పేరు కొట్టేస్తడని తాహేరక్క అన్నది."

గౌరవ్వకు కోప్పడే ఓపిక లేదు. కట్టలు మూటగట్టుకుని కార్ఖానాకు పోయింది. ముక్తార్‌కు అలవాటు, ప్రతి కట్టలోంచీ పిడికెడు తీసి, బాగాలేవని పక్కన పారేస్తాడు. ఆ రోజు ఒక్కటీ పారేయలేదు. ఒక బీడీని వెలుతురుకు పెట్టి తిప్పి తిప్పి చూశాడు.

"ఏంది గౌరవ్వా, గిది నీ చెయ్యి కాదు. ఎవలు చేసిండ్రు?"

తాహేరా చేసిందని చెబితే అయిపోయేది. ఆ మాట నాలుక మీదికి వచ్చింది కూడా. కానీ వెనక వరుసలో వాడకట్టు ఆడవాళ్లంతా ఉన్నారు. పనికిరాని పిల్ల, గోడకు తగిలించే పిల్ల అని ఇన్నేళ్లు తన బిడ్డను ఆడిపోసుకున్న నోళ్లన్నీ అక్కడే ఉన్నాయి.

"నా బిడ్డ," అంది గౌరవ్వ. "నా బాలమణి చేసింది."

అందరూ కట్టల మీదికి వంగారు. అబ్బ, ఏం చెయ్యే అన్నారు. గౌరవ్వ గర్వంతో నిలబడింది. ఏళ్ల తరబడి ఆమెకు అంత సుఖంగా ఊపిరి ఆడింది లేదు. ముక్తార్ ఎప్పుడూ ఇచ్చే దానికి రెండింతల ఆకు తూచి ముందు పెట్టాడు.

"రేపటి సంది తల్లీబిడ్డలిద్దరికీ ఇస్త. గింత మంచి చెయ్యి ఇంట్ల పెట్టుకోని దాస్తవా?"

వద్దనాలి. మంచంలో ఉన్న మొగుడు గుర్తొచ్చాడు. ఆకు మోపు నెత్తికెత్తుకుంది. దసరా దాకా అని తనకు తాను చెప్పుకుంది. దసరా పోయింది.

బాలమణి బడికి రావడం లేదని ఒక సాయంత్రం సీతారాం సారు ఇంటికి వచ్చాడు. తల్లీబిడ్డలిద్దరూ వాకిట్లో చాటలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. సారు వాళ్ల ఎదురుగా కిందే కూర్చున్నాడు.

"నేనే నేర్పిన గౌరవ్వా. తప్పు నాది."

"మీరేం నేర్పలేదు సారూ. మీరు నేర్పింది పోరగాండ్ల ఆట," అంది గౌరవ్వ. ఆమె చూపు సారు మీద లేదు. బిడ్డ వేళ్ల మీద ఉంది. బాలమణి తల వంచి, ఒక్కొక్క ఆకునూ చూసుకుంటూ చుడుతోంది. అందం ఉంది గానీ వడి లేదు. అట్లా అయితే చాట ఎప్పుడు ఖాళీ కావాలి? గౌరవ్వ చెయ్యి చాచి బిడ్డ గడ్డం పట్టుకుని తల పైకెత్తింది.

"గట్ల కాదు బిడ్డా. సూసుకుంట సుడితే పొద్దుగూకుతది. చేతికి ఎరుక కావాలె. ఇటు సూడకు. సారు దిక్కు సూడు."

బాలమణి సారు ముఖంలోకి చూసింది. ఒళ్లో వేళ్లు ఆకును తడుముకున్నాయి. మొదటిది జారింది. రెండోది వంకరపోయింది. ఆ తరవాత ఒకదాని వెంట ఒకటి చక్కగా రాసాగాయి. పిల్ల కళ్లు మాత్రం సారు మీదినుంచి కదలలేదు.

ఏదైనా ఒక్కసారి చెబితే చాలు, బాలమణికి వచ్చేస్తుంది. ఆ తెలివి మీదే గౌరవ్వ ఇన్నేళ్లూ ఆశ పెట్టుకుంది.